గూడబాతుల కోసం వెతికితే

గూడలంక,
ఆగస్టు, ఆదివారం.

గాయత్రీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. బతికి ఉండటమే బాగుండటం అనుకుంటే.

ఫోన్ ఆపేసి బీరువాలో పడేశాను. తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఆ వీడియో పంపించి "ఇది మీరేనా మేడమ్?" అని అడుగుతున్నారు. నాతో నిజంగా మాట్లాడాలనుకునేవాళ్ళు ఎలాగూ ఫోన్ చెయ్యడం లేదు. బి.ఇడి. చదివే రోజుల్లో సెలవులకి ఇంటికెళ్తే మనం ఉత్తరాలు రాసుకునేవాళ్ళం గుర్తుందా? మా ఊరికి పోస్టు పడవ మీద వస్తుందా అని వేళాకోళం చేసేదానివి. ఇప్పుడు మోటారు సైకిలు మీదే వస్తుందిలే.

నువ్వు బదిలీ అయి గూడెం వెళ్ళిపోయాక జరిగిన సంగతి ఎవరెవరో ఎలా ఎలా చెప్పారో తెలియదు. నా నోటితో నేను చెబుతాను, విను.

తొమ్మిదో తరగతికి పక్షుల పాఠం. కొల్లేటి పిల్లలకి గూడబాతు తెలియకపోవడమేమిటి అంటావు. దూరం నుంచి అందరికీ తెలుసు. నీళ్ళలో ముక్కు ముంచి, గొంతు కింద సంచి ఎలా సాగదీస్తుందో దగ్గరగా చూపిద్దామని నా లాప్‌టాప్‌ని క్లాసులో కొత్తగా బిగించిన పెద్ద తెరకి తగిలించాను. గూడబాతుల వీడియో అని వెతికాను. మొదట వచ్చినదాని మీద నొక్కాను. పక్షి బొమ్మ అలా మెరిసి మాయమైంది. దాని చోట బట్టల్లేని ఆడవాళ్ళు. మూసేస్తే ఇంకొకటి తెరుచుకుంది, అదీ అలాంటిదే. తీగ పీకాలన్న ఆలోచన రాలేదు. పరిగెత్తుకెళ్ళి తెరకి అడ్డంగా నిలబడ్డాను. నలుగురి ముందు పరువు కాపాడుకుందామని చేసిన ఆ పనే నా పరువు తీసింది. వెనక బెంచీలో ఎవరో ఫోన్ తీసి పట్టేశారు. ఆ బొమ్మల వెలుగంతా నా చీర మీద, నా మొహం మీద. వీడియోలో కనపడేది అదే.

హెడ్మాస్టరు సూర్యప్రకాశరావు గారు తన గదిలోకి పిలిచి తలుపు మాత్రం తెరిచే ఉంచారు. "మీరింట్లో ఏం చూసుకుంటారో మాకనవసరం అండీ. అది బడి దాకా తెస్తే ఎలాగండీ?" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో! చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. మర్నాటికి కాస్త నెమ్మదిస్తారనుకుంటే సస్పెన్షన్ కాగితం చేతిలో పెట్టారు.

నేను చూడలేదు గాయత్రీ. నీకు ఈ మాట చెప్పాల్సి వస్తుందని కూడా అనుకోలేదు. బడి తెరిచిన దగ్గర్నుంచీ ఆ లాప్‌టాప్‌లో ఏదో తేడాగానే ఉంది. ఒకటి వెతికితే ఇంకోటి వచ్చేది, పేకాటలనీ పందేలనీ. మా ఊరి నెట్టు ఇంతేలే అని మూసేసేదాన్ని. వేసవిలో అది నీ దగ్గరే ఉంది కదా, నీకెప్పుడైనా ఇలా అయ్యిందా? కాస్త గుర్తు తెచ్చుకుని రాయి.

నీ
సత్యశ్రీ

*

తాడేపల్లిగూడెం,
ఆగస్టు.

సత్యా,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం సహించలేదు. నీకిలాంటిది రావడమేంటే! నీకూ నాకూ ఉన్న జాతకాలు ఒకటేనని మా మామగారు ఎప్పుడూ అనేవారు. నా జాతకంలోనూ ఈ ఏడాది అపనిందలున్నాయట. చూశావా, నీది ముందు పడింది.

నా మాట విని మూడు పనులు చెయ్యి. క్షమించమని ఒక కాగితం రాసిచ్చెయ్. తప్పు చేశావని కాదు, పెద్దవాళ్ళ అహం చల్లారుతుంది. హెడ్మాస్టరు గారితో వాదన పెట్టుకోకు, ఆయన మంచివారే. అన్నింటికన్నా ముందు ఆ లాప్‌టాప్ ఎవరికైనా ఇచ్చి మొత్తం ఫార్మాట్ చేయించెయ్. ఇల్లు మైలపడితే కడుక్కుంటాం కదా, ఇదీ అంతే. లోపలున్నదంతా తుడిచేస్తే నీకూ మనశ్శాంతి. ఇది మాత్రం ఆలస్యం చెయ్యకు.

మా ఆయన శరత్‌చంద్ర గారూ అదే అన్నారు. గాలివానప్పుడు తల వంచుకున్న గడ్డి బతుకుతుందట.

ఇక్కడ కొత్త ఇల్లు ఉల్లిపాయల మార్కెట్టుకి దగ్గర. పొద్దున్న లేస్తే లారీల రొద, ఇల్లంతా ఉల్లి ఘాటు. ఏడవడానికి వేరే కారణం అక్కర్లేదు. బళ్ళో అందరూ కొత్తవాళ్ళు. మన ఇద్దరం ఒకే డబ్బాలో తిన్న రోజులు మళ్ళీ రావు. ప్రమోషన్ల జాబితా కదులుతోందంటున్నారు, చూడాలి.

అశోక్ గారిని, పైడమ్మ గారిని అడిగానని చెప్పు.

నీ
గాయత్రి

*

గూడలంక,
సెప్టెంబరు.

గాయత్రీ,

క్షమాపణ దేనికి రాయాలి? చూసినందుకా, చూడనందుకా? ఏ మాట రాసినా మొదటిదే అర్థమవుతుంది వాళ్ళకి.

ఇక్కడి సంగతులు చెబుతాను. మొదటివారం నేను గుమ్మం దాటలేదు. మా అత్తయ్య పైడమ్మ సంగతి నీకు తెలుసుగా, చదువు లేదు, మాట మాత్రం కత్తి. ఒకరోజు చేపలు తోముతూ తోముతూ నన్ను పిలిచింది.

"ఏమే, ఆ బొమ్మలు నువ్వు పెట్టేవా?"

"లేదత్తయ్యా."

"అయితే బయటికెళ్ళు. ఇంట్లో కూచుంటే పెట్టినట్టే."

వెళ్ళాను. చెరువు గట్టు మీద చేపల మేత సంచులు కట్టే కూలీలు మాటలు ఆపేశారు. ఆపకుండా ఉంటే బాగుండేది. నూతి దగ్గర ఒకావిడ, వాళ్ళ అమ్మాయికి అక్షరాలు నేర్పింది నేనే, బిందె ఎత్తుకుని నాకు దూరంగా జరిగింది. బురదలో కాలుపడితే జరిగినట్టు.

మా ఆయన సంగతి ఇంకోలా ఉంది. మా చెరువులో చేపలు పట్టే రోజుల్లో ఆయనకి ఊపిరి సలపదు, అయినా నన్ను కూర్చోబెట్టి అన్నం తినిపించినంత ప్రేమగా అన్నారు: "సత్యా, చూస్తే చూశానని చెప్పేయ్. మనుషులన్నాక ఏదో ఒకటి చూస్తారు. నేనేమీ అనను." నేను ఆయన్ని తిట్టలేకపోయాను. అనుమానం అంత మెత్తగా ఉంటే ఎక్కడ పట్టుకుని విదిలించాలో తెలియలేదు. ఏమీ అనననడం ఎంత పెద్ద మాటో ఆయనకి తెలియదు.

నీకు కోపం వచ్చినా ఒకటి రాస్తాను. ఇదే నీకు జరిగి ఉంటే, పంతులు గారి కోడలు, పాపం ఏదో పొరపాటు అనేవాళ్ళు. నాకు జరిగితే బుద్ధి అన్నారు. స్టాఫ్ రూమ్‌లో ఎవరో, "వలలు లాగే ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళకి ఇంతకంటే ఏం సంస్కారం ఉంటుంది" అన్నారట. నేను చదువుకుని సంపాదించిన ఇరవై ఏళ్ళ మర్యాద ఒక్క నిమిషంలో ఊడిపోయి, కింద మా ఊరు కనపడింది వాళ్ళకి.

ఫార్మాట్ సంగతి. చేయించను. చేయిస్తే తప్పు చేసి చెరిపేసిందంటారు. పైగా దానికి అలా ఎందుకు అవుతోందో నాకు తెలియాలి. తెలియకపోతే నాకే నా మీద నమ్మకం పోయేలా ఉంది. నిద్రలో లేచి వెతికానేమోనన్న పిచ్చి ఆలోచన కూడా వచ్చింది, నవ్వకు.

ఏలూరులో విచారణ పెడతారట. గాయత్రీ, నువ్వొచ్చి నా గురించి ఒక్క మాట చెబుతావా? యంత్రం గురించి వద్దు. ఇన్నేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్నదానివి, సత్యశ్రీ అలాంటిది కాదని చెబితే చాలు. నీ మాటకి అక్కడ విలువ ఉంటుంది.

నేనడిగిన దానికి నువ్వు జవాబు రాయలేదు. వేసవిలో నీకెప్పుడైనా అలా అయ్యిందా?

సత్య

*

తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు.

సత్యా,

తొందరలో రాస్తున్నాను, పొడుగ్గా రాయలేను. మహాలయ పక్షాలు. ఇంట్లో తద్దినాలు, మడి, చుట్టాలు. మధ్యలో బళ్ళో పరీక్షలు. విచారణకి రావడం కుదరదే. సెలవు పెడితే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెబితే ఆ వీడియో ఇక్కడి స్టాఫ్‌లో కూడా తిరుగుతుంది. నీ మంచికే చెబుతున్నాను.

పంతులు గారి కోడలు అని రాశావు. ఆ మాట నీ దగ్గర్నుంచి వస్తుందని నేననుకోలేదు. మన మధ్య ఎప్పుడైనా అలాంటి తేడా చూపించానా? నీ చేపల పులుసు వాసన వేస్తుంటే కూడా నీ పక్కనే కూర్చుని తిన్నాను.

లాప్‌టాప్ విషయంలో మొండికెయ్యకు. యంత్రాల్లో ఎందుకు, ఎలా అని తవ్వితే ఏం వస్తుంది? తుడిపించెయ్. ఇప్పటికైనా.

గాయత్రి

*

గూడలంక,
అక్టోబరు.

గాయత్రీ,

చేపల పులుసు వాసనని భరించినందుకు కృతజ్ఞతలు. అది నువ్వు భరిస్తున్నావని నాకప్పుడు తెలియదు. ఇష్టంగా తింటున్నావనుకున్నాను.

సరే, అది వదిలెయ్. నేను వట్లూరు వెళ్ళొచ్చాను. మేధ గుర్తుందా? మన బళ్ళో చదివింది, పదో తరగతిలో పాఠం మధ్యలో లేచి ప్రశ్నలేసి నిన్ను విసిగించేది. ఇప్పుడు వట్లూరులో ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతోంది. వెళ్ళడానికి సిగ్గేసింది. శిష్యురాలి ముందు ఇలాంటి పని మీద కూర్చోవడమా అని. మా ఆయనే బండి తీసి, "ఎక్కు" అన్నారు.

మేధ వీడియో గురించి ఒక్క మాట అడగలేదు. చూసే ఉంటుంది. లాప్‌టాప్ తెరిచి, "మేడమ్, ఆ రోజు ఏం వెతికారో అదే వెతకండి" అంది. నా వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. పక్కన మా ఆయన ఉన్నారు. మేధ నెమ్మదిగా తెర తన వైపు తిప్పుకుని, "నేనే కొడతాలెండి" అని గూడబాతులు అని కొట్టింది. ఒక క్షణం మామూలు జాబితా. వెంటనే అదే కదిలిపోయి పేరు కూడా వినని ఇంకో వెతుకులాట పేజీ వచ్చింది. మొదటి దాని మీద నొక్కింది. పందేల పేజీ. రెండోసారి నొక్కింది. ఆ రోజు వచ్చిందే వచ్చింది.

మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఏంటమ్మా, నువ్వు నొక్కినా అదే వస్తోందా?" అన్నారు.

"నేను నొక్కినా వస్తుందండీ, మీరు నొక్కినా వస్తుంది. మేడమ్‌కీ దీనికీ సంబంధం లేదు. మనం ఒక దారిన వెళ్దామనుకుంటాం, మధ్యలో ఒకడు కూర్చుని పక్కదారి పట్టిస్తున్నాడు. అలా పంపినందుకు వాడికి ఆ పేజీల వాళ్ళు డబ్బులిస్తారు."

ఆయన బయటికెళ్ళి కాలేజీ గోడ పక్కన నిలబడ్డారు. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంటికొచ్చే దారిలో అడిగారు, "నేనలా అన్నందుకు నువ్వు బాధపడ్డావా సత్యా?" అని. బాధపడ్డానన్నాను. ఇద్దరికీ తేలికైంది.

మేధ ముందు అన్నిటికీ ఫోటోలు తీసుకుంది, తరవాత బాగుచేసింది. బ్రౌజర్‌కి అతికించుకునే చిన్న చిన్న పనిముట్లు ఉంటాయి, ఎక్స్‌టెన్షన్లంటారు. ఆ వరసలో నేనెప్పుడూ పెట్టని పేరొకటి ఉంది. దాన్ని తీసేస్తే, లాప్‌టాప్ ఆపి మళ్ళీ తెరిచేసరికి తిరిగొచ్చి కూర్చుంది. "అయితే దీన్ని లోపల్నుంచి ఎవరో మేపుతున్నారు" అంది మేధ. వెతికి పట్టుకుంది. పి.డి.ఎఫ్. కాగితాలని వర్డ్‌లోకి మార్చే ఉచిత ప్రోగ్రామ్. దానితోపాటే ఇదీ లోపలికి దూరిందట. దాన్ని పూర్తిగా తీసేసి, అప్పుడు ఎక్స్‌టెన్షన్ తీసింది. వెతుకులాట ఎక్కడ జరగాలో ఆ అమరిక పాతదానికి మార్చింది, ఏ పేజీలకో నోటీసులు పంపుకునే అనుమతి ఉంటే అదీ రద్దు చేసింది, వైరస్ పరీక్ష నడిపింది. మళ్ళీ ఆపి, తెరిచి, "ఇప్పుడు మీరు కొట్టండి మేడమ్" అంది.

కొట్టాను. గూడబాతులే వచ్చాయి. నీళ్ళలో ముక్కు ముంచి సంచి నింపుకుంటున్నాయి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

తరవాత మేధ అడిగింది, "ఆ మార్చే ప్రోగ్రామ్ మీకెందుకు కావాల్సొచ్చింది మేడమ్?" నాకెప్పుడూ అక్కర్లేదు గాయత్రీ. అది లోపలికొచ్చింది మే నెలలో అని మేధ చూపించింది. మేలో లాప్‌టాప్ నీ దగ్గర ఉంది. మీ అమ్మాయి స్పందన కాలేజీ ప్రాజెక్టు కాగితాలు మార్చుకోవాలని తీసుకెళ్ళావు.

నువ్వు కావాలని చేశావనడం లేదు. నీకు తెలియను కూడా తెలియకపోవచ్చు. నాకు తెలియలేదు కదా. మేధ విచారణకి వచ్చి ఇదంతా చెబుతానంది. నువ్వు చేయాల్సింది ఒక్కటే. మేలో అది నా దగ్గర ఉంది, ఏదో దించుకున్నాను, ఏమవుతుందో నాకు తెలియదు, అని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టు. దానివల్ల నీకేం కాదు. నాకు మాత్రం అంతా అవుతుంది.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

సత్య

*

తాడేపల్లిగూడెం,
అక్టోబరు.

సత్యశ్రీకి,

నీ ఉత్తరం మా ఆయన కూడా చదివారు. ఇకనుంచి ఆయనకి చూపించకుండా రాయను.

నేను ఏదో దించుకున్నట్టు నాకు గుర్తు లేదు. స్పందన ప్రాజెక్టు పని నెట్ సెంటర్లో చేయించినట్టే గుర్తు. నాలుగు రోజులు ఒక వస్తువు వాడుకోవడానికి తీసుకుంటే, తరవాత దానికి వచ్చిన ప్రతి రోగానికీ నేనే కారణమా? నిన్నగాక మొన్న కాలేజీలో చేరిన పిల్ల ఫోటోలు తీసి ఏదో చెబితే నేను సంతకాలు పెట్టాలా?

నేను హెడ్మిస్ట్రెస్ కావాల్సిన వేళ ఇది. నీకు తెలుసు. తెలిసే అడిగావు. మునిగేవాళ్ళు పక్కవాళ్ళని పట్టుకుంటారంటారు, కొల్లేట్లో పుట్టినదానివి, నీకు నేను చెప్పాలా?

నీకు మంచి జరగాలనే కోరుకుంటున్నాను.

గాయత్రి

*

గూడలంక,
నవంబరు.

గాయత్రీ,

కొల్లేట్లో పుట్టినవాళ్ళం మునిగేవాళ్ళకి చెయ్యిస్తాం. మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. నీకు చెప్పాల్సిన పని పడింది.

విచారణ అయింది. ఎలా అయిందో చెబుతాను. నీకు తెలియాలి.

నీ పేరు ఎత్తకూడదనుకుని వెళ్ళాను. మేధకి కూడా ముందే చెప్పాను, "ఎవరు పెట్టారని అడిగితే ఎప్పుడో వచ్చిందని చెప్పమ్మా, మనుషుల జోలికి వద్దు" అని. ఆ పిల్ల నావైపు అదోలా చూసింది గాని సరేనంది. అధికారి పెద్దాయన, ఓపికమంతుడు. మేధ తను తీసిన ఫోటోలు చూపించి అన్నీ విడమరిచి చెప్పింది. ఆయన రెండుసార్లు మళ్ళీ అడిగి అర్థం చేసుకున్నారు. "అయితే ఈవిడ వెతికింది పక్షుల కోసమేనంటారు" అన్నారు. నా గుండెల మీంచి బండ దిగినట్టయింది.

అప్పుడాయన ముందున్న కాగితాల్లో ఒకటి తీసి, కళ్ళజోడు సర్దుకుని అన్నారు. "మరి మీ హెడ్మాస్టరు గారు ఇందులో ఇంకోలా రాశారే. ఈ యంత్రంలో ఇలాంటి పేజీలు ఉండటం మీ తోటి టీచరొకరు ముందే చూశారట. మొహమాటం కొద్దీ మీతో చెప్పలేకపోయారట."

"ఎవరండీ?" అన్నాను.

ఆయన సూర్యప్రకాశరావు గారి వైపు చూశారు. ఈయన నేలచూపులు చూస్తూ, "గాయత్రి గారండి. ఈ గొడవైన రోజు సాయంత్రం నేనే ఫోన్ చేసి అడిగేనండి. మీరు చాన్నాళ్ళు కలిసి పనిచేశారు గదా, ఈవిడ సంగతేంటని. ఆవిడే అన్నారండి, ఆ లాప్‌టాప్‌లో అలాంటివి తెరుచుకోవడం నేను కళ్ళారా చూశానండి, ఎలా అడగాలో తెలియక మూసి ఇచ్చేశానండి, అని. తోటి ఆడమనిషే అలా అంటే నేనేం చెయ్యనండి? అందుకే సస్పెన్షన్ అడిగేను" అన్నారు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నాకు చప్పుడు వినపడలేదు.

గొడవైన రోజు సాయంత్రం. అంటే నేను నీకు మొదటి ఉత్తరం రాసేసరికే నా సంగతి నువ్వు తేల్చేశావు. నా ఉత్తరం చదివి అన్నం సహించలేదన్నావు. ఎందుకు సహిస్తుంది? ఆ లాప్‌టాప్ తుడిచేయమని అంత తొందరపెట్టింది ఎవరి మనశ్శాంతి కోసమో ఇప్పుడు తెలిసింది. నీ ఇంట్లో నీ కళ్ళ ముందు ఆ పేజీలు తెరుచుకున్నాయి. భయపడ్డావు. మూసేసి, ఒక్క మాట చెప్పకుండా నా చేతికిచ్చావు. "కాస్త తేడాగా ఉందే, ఎవరికైనా చూపించు" అని ఉంటే నేను పిల్లల ముందు దాన్ని తెరిచేదాన్నే కాదు.

అప్పుడు నోరు విప్పాను. మేలో అది ఆవిడ దగ్గర ఉందండీ అని చెప్పాను. మేధ తేదీ చూపించింది. అధికారి, "ఆవిడ ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదు గదమ్మా. ఈ విచారణ మీ మీద. యంత్రం మీది కాబట్టి చూసుకోవాల్సింది మీరే" అన్నారు. సస్పెన్షన్ ఎత్తేశారు. అజాగ్రత్త అని నా సర్వీసులో ఒక మాట రాశారు. ఈ బళ్ళో ఉంటే తల్లిదండ్రులు ఒప్పుకోరని అత్తిలికి వేశారు. తప్పు చేయలేదని తేల్చి, ఊరు మార్చారు.

వీడియో ఏ విచారణకీ రాదు. అది తిరుగుతూనే ఉంటుంది.

నిన్నొకటి అడగాలని ఉంది. ఎవరు తెచ్చారో దాచుకున్నావు, భయం, అర్థమవుతుంది. నా లాప్‌టాప్‌లో కళ్ళారా చూశానని ఆయనకి చెప్పడం ఎందుకు? ఏమీ తెలియదని ఊరుకోవచ్చు కదా?

సత్యశ్రీ

*

తాడేపల్లిగూడెం,
డిసెంబరు.

సత్యా,

ఇది ఆయనకి చూపించకుండా రాస్తున్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. అది నువ్వొప్పుకోవాలి. ఆయన అడిగారు, చూశానని చెప్పాను. నిజంగానే చూశాను. నువ్వు చూస్తున్నావని నేననలేదు. ఆయన అలా అనుకుంటే నా తప్పా? నీ వల్లే వచ్చిందా అని నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు.

స్పందన పక్కనే ఉంది ఆ రోజు. ప్రాజెక్టు కోసం అదే ఏదో దించింది. పేజీలు తెరుచుకోవడం మొదలయ్యాక మా పిల్లే చూసిందేమోనని నాకు భయమేసింది. అడగలేకపోయాను. పెళ్ళి కావాల్సిన పిల్ల. అది కాదు, నువ్వే అయి ఉంటావనుకుంటే నాకు నిద్రపట్టింది. అనుకుంటూ అనుకుంటూ నిజమనే నమ్మేశాను. నీ మొదటి ఉత్తరం వచ్చాక కూడా నమ్మడానికే ప్రయత్నించాను. నువ్వు ఇంత మొండిగా తవ్వుతావని తెలియదు.

ప్రమోషన్ వచ్చింది. ఎవరికీ చెప్పాలనిపించలేదు. నీకే ముందు చెప్పాలనిపించింది, చూడు ఎంత సిగ్గులేని అలవాటో.

అత్తిలి గూడేనికి ఎంత దూరం? ఆదివారం ఎప్పుడైనా రా. స్పందనతో ఏమీ అనకు. దానికి ఇదేదీ తెలియదు.

నీ
గాయత్రి

*

అత్తిలి,
జనవరి.

గాయత్రీ,

నీ ప్రమోషన్‌కి సంతోషం. నిజంగానే. పనిలో నువ్వు మంచిదానివి.

స్పందనతో నేనేమీ అనను. నీ కూతురి మీద నీకు నమ్మకం లేకపోతే దానికి నన్ను బలిచేశావు. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదని ఈపాటికైనా నీకు తెలిసింది కదా. కాగితాలు మార్చుకోవాలనుకుంది, అంతే. కనీసం దాన్నైనా దగ్గర కూర్చోబెట్టుకుని జరిగింది చెప్పు. లేకపోతే నీ మనసులో ఆ అనుమానం అలాగే ఉండిపోతుంది. అనుమానంతో ఒకే ఇంట్లో బతకడం ఎలా ఉంటుందో నేను చూశాను. మా ఆయన అడిగి తేల్చుకున్నారు. నువ్వు తేల్చుకోలేదు.

ఇక్కడ వరి కోతలయ్యాయి. ఎటు చూసినా మోళ్ళు. నీళ్ళు కనపడకపోతే నాకు ఊపిరాడదు. మా ఆయన, అత్తయ్య లంకలోనే ఉన్నారు. వారానికోసారి వెళ్ళొస్తున్నాను.

నేను చేరకముందే వీడియో వచ్చేసిందిక్కడికి. మొదటిరోజు క్లాసులోకి అడుగుపెట్టగానే వెనక నవ్వులు. పాఠం మొదలుపెట్టలేదు. పుస్తకం మూసి, "మీరంతా చూశారుగా, ఇప్పుడు నన్ను అడగండి" అన్నాను. ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను. ఏం వెతికాను, ఏం వచ్చింది, ఎందుకు వచ్చింది. ఉచితంగా దొరికేది దించుకుంటే దాని వెనక ఇంకేం దూరుతుందో, ఎలా కనిపెట్టాలో, ఎలా తీసేయాలో మేధ నాకు చూపించినట్టే బోర్డు మీద రాసి చూపించాను. ఆ రోజు నేను తెరకి అడ్డం ఎందుకు నిలబడ్డానో కూడా చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. ఒక పిల్లాడు తల దించుకుని ఫోన్‌లోంచి ఏదో చెరిపేశాడు.

ముందు బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. "మరి అది మీ లాప్‌టాప్‌లోకి ఎవరు తెచ్చారు టీచర్?"

ఎవరో తెలియదమ్మా అన్నాను.

నిన్ను కాపాడదామని కాదు గాయత్రీ. నిజం చెబితే ఆ పిల్ల తరవాత అడిగేది ఒకటే, ఆవిడ మీకేమవుతుందని. దానికి నా దగ్గర మాట లేకపోయింది.

ఇక రాయకు.

సత్యశ్రీ